అక్క నాటిన గుగ్గిలం చెట్టు

అక్కా, నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ బోటనీ క్లాసులు ఇప్పుడు నేనే సెప్తన్నాను. సీతంపేట కొండల నుంచి పాలపొడి డబ్బాలో తెచ్చి కాలేజీ తోటలో నాటావే, ఆ గుగ్గిలం మొక్క నా ఎత్తు దాటిపోయింది.

పొద్దున్న దాన్ని కొట్టేసి సైకిల్ స్టాండు కడతామని ప్రిన్సిపాల్‌గారు గొడ్డలితో మనిషిని పంపారు. నేను పిల్లలందరితో వెళ్లి చెట్టు చుట్టూ నిలబడ్డాను.

"ఏటమ్మా ఇది? ఒక్క సెట్టే కదా!" అన్నారు ప్రిన్సిపాల్‌గారు, గోల విని వచ్చి.

"తోట మొత్తానికి ఈ రకం ఇదొక్కటేనండి. ఇకనుంచి పాఠం రోజూ దీని దగ్గరే సెప్తాను," అన్నాను.

సాయంత్రానికి స్టాండు గేటు పక్కకి మారింది. ఆయన నాతో మాట మానేశారు. మానెయ్యనీ. ఆదివారం పిల్లల్ని కొండకి తీసుకెళ్తన్నాను. గుగ్గిలం మొక్కలు తెచ్చి తోటలో ఖాళీ అన్నదే లేకుండా నాటేస్తాం. ఎవరొచ్చి కొడతారో సూస్తాను.