తిప్పేష్‌తో మీరే రావాలి

మామకు నమస్కారం.

మీరు ఫోను ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను. నిన్న మన జయంతి సంవత్సరీకంలో మీ తిప్పేష్ సగం ముద్ద కూడా తినలేకపోయాడు. బెల్టుకు కొత్త రంధ్రం వేసుకున్నాడు. జయంతికీ ఇలాగే మొదలైంది.

ఆస్పత్రికి పదమంటే, జయంతి సంగతి తెలిసి కూడా నవ్వాడు. “కడుపు క్యాన్సర్ నాయన మాదిరి ముసలోళ్లకు వస్తాది గానీ నాకెందుకు బావా? గ్యాసు, అంతే” అన్నాడు. జయంతికి డాక్టరు చెప్పిందీ అదే. అరవై దాటిన మీకు మొదటిరోజే గొంతులోంచి గొట్టం వేసి చూశారు. ముప్పై నిండని ఆమెకు గ్యాస్ మాత్రలు రాసి పంపారు. చివరికి గొట్టం వేసి చూసేసరికి, ఆపరేషన్‌కు వీలులేదన్నారు.

మీరు బతికి ఆమె పోయిందని మీరు మనుషుల్లోకి రావడం మానేశారు. నిన్న కూడా గొర్రెల దొడ్డిలోనే కూర్చున్నారు. నాకు మీ మీద కోపం లేదు మామా.

సోమవారం తిప్పేష్‌ను అనంతపురం తీసుకురండి. బస్టాండులో ఉంటాను. చిన్న వయసు, పరీక్ష ఎందుకని డాక్టరు అంటే, చొక్కా ఎత్తి మీ ఆపరేషన్ మచ్చ చూపించండి. కూతురు ఇదే రోగంతో పోయిందని కూడా మీరే చెప్పాలి. ఆ మాట నా నోటికి ఇంకా రావడం లేదు.

మీ అల్లుడు