సరిహద్దు గూడ్సు మీద సుద్దరాత

అన్నయ్యా,

ఇందుమూలముగా నీకు తెలియజేయడమేమనగా, గోల్‌బజార్ చేపలవాడితో ఈ రోజు నుంచి నాకు మాటలు బంద్. ఐసుతో సహా చేపను తూచాడు.

ఇక రెండో కబురు. సరిహద్దు అవతల జరుగుతున్న యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన బెంగాలీలతో మన స్టేషన్ నిండిపోయింది. పోలీసులు వాళ్ళను గేటు దాటనివ్వరు. వాళ్ళలో ఇద్దరు పిల్లల తల్లి ఒకావిడ, దూరాన ఎక్కడో ఉన్న క్యాంపుకు పోయే బండి ఎక్కనంది. దారిలో తప్పిపోయిన భర్త తనను ఇక్కడే వెతుకుతాడట. ఎక్కకపోతే రేపటి నుంచి పిల్లలకు బియ్యం ఇవ్వరు.

గూడ్సు పెట్టెలు తనిఖీ చేసి గుర్తులు వేసే నా సుద్దముక్క ఆమె చేతికిచ్చాను. సరిహద్దు వైపు పోయే గూడ్సు పెట్టెల మీద భర్త పేరు, క్యాంపు పేరు రాయమన్నాను.

"ఏటి బావా, వానొత్తే ఆ రాత ఉంటాదా?" అన్నాడు నాతో పనిచేసే అప్పలసూరి.

"వానొత్తే నీ మొకం కడుక్కో. నోర్ముయ్" అన్నాను.

ఆమెకూ నమ్మకం కుదరలేదు. "ఇలా ఎవరైనా దొరికారా దాదా?" అని అడిగింది.

"దొరక్కేం దీదీ. రంగూన్ మీద బాంబులు పడ్డప్పుడు అక్కణ్ణుంచి నడిచొస్తూ మా అన్నయ్య తప్పిపోయాడు. ఇలాంటి రాత చూసే ఇల్లు చేరాడు. ఇప్పుడు కూర్చుంటే లేవలేనంత లావయ్యాడు" అన్నాను, నా వచ్చీరాని బెంగాలీలో.

ఆమె నవ్వింది. పదకొండు పెట్టెల మీద రాసి, పిల్లలతో బండెక్కింది. బండి కదిలాక కిటికీలోంచి, "మీ అన్నయ్యకు నా నమస్కారం చెప్పండి" అని కేకేసింది.

చెబుతున్నాను. నువ్వు ఇల్లు చేరావన్నది మాత్రం నేను పుట్టించిన మాట.