జపాన్ పాటకు నా డప్పు

ఆదివారం

ఇయ్యాల శామీర్‌పేట పెండ్లిల నా నోరు మూత వడ్డది. పెండ్లిపిల్ల ముందుగాలనే చెప్పింది, "తాతా, గీ జపాన్ పాట కొడితేనే బరాత్‌ల మీ డప్పులు. లేకుంటె డీజే పెడ్తం." ఇక్కడి పిల్లల ఫోన్లన్నిట్ల అదే మోగుతాందట. మాట తెల్వని పాటకు దెబ్బ ఎట్లెయ్యాలెనని కస్సుమన్న.

"డప్పుకు మాటలెందుకు తాతా?" అని నా మనుమరాలు లత నవ్వింది.

నాలుగు దినాలు దాని ఫోన్ల ఇన్న. ఇయ్యాల మంటకు డప్పు కాపి మొదలువెట్టిన. నాలుగు దెబ్బలు పడంగనే పిల్లలు పాట అందుకున్నరు. ఒక్క మాటకు అర్థం ఎవలకు తెల్వది. పెండ్లిపిల్ల అవ్వ సుత చేతికట్టె పక్కకు వెట్టి ఎగిరింది. నేను ఇంకింత జోరుగ కొట్టిన.

గంత దూరంకెళ్లి గా పాట ఎట్ల నడిసొచ్చిందో. నలభై ఏండ్ల సంది కొడుతున్న, నా దెబ్బ గీ చెరువుకట్ట దాటలె.

లత వీడియో తీసింది. "ఫోన్ల పెడ్తె జపానోళ్లు సుత సూస్తరు, పెట్టనా తాతా?" అన్నది.

నాకేం అక్కెరలేదన్న.

పొద్దుగాల లేవంగనే పెట్టుమనాలె. జపాన్ల గా పాట పాడిన పిల్ల మా డప్పు ఇనాలె. నేనే అడిగినట్టు గాకుండ లతకు ఎట్ల జెప్పాలెనో...