విరిగిన ఉండలు

పెద్దమ్మాయి వాళ్లమ్మకు,

నా రాత కోడి గీకినట్టుంటుంది, తప్పులూ ఉంటాయి, ఏమీ అనుకోకు.

నువ్వు మీ చెల్లెలితో వెళ్లిపోయి మూడు వారాలైంది. ఆదివారం నీలాగే వారానికి సరిపడా స్వీడిష్ మాంసం ఉండలు చేశాను. వేయిస్తుంటే సగం విరిగాయి. బాగున్నవి ఏరి, మీగడ గ్రేవీ పోసి, ఆరు డబ్బాల్లో సర్దాను. విరిగినవి పొయ్యి దగ్గరే నిలబడి తిన్నాను.

అప్పుడు తట్టింది. ఇన్నేళ్లలో నా కంచంలోకి విరిగిన ఉండ ఒక్కటీ రాలేదు. నువ్వూ తినమంటే, "వండుతూనే కడుపు నిండింది లెండి" అనేదానివి. నమ్మేశాను. పైగా నువ్వు వెళ్లిపోయిన ఆ గురువారం, ఇంటికొచ్చిన మీ చెల్లెలి ముందే, "వారమంతా ఇదే గడ్డి తినాలా?" అని కంచం నెట్టేశాను.

రమ్మనే మొహం నాకు లేదు. డబ్బాలు ఫ్రిజ్‌లో అలాగే ఉన్నాయి, ఒక్కటీ తెరవలేదు. తిట్టడానికైనా సరే, త్వరగా ఒక ముక్క రాయి.