జడ్జిగారి బల్ల మీద ఫైలు

బర్‌బ్యాంక్,
ఫిబ్రవరి 9, 2014, ఆదివారం.

చిరకాల మిత్రురాలు థియాకు,

ఎమ్మెట్ నమస్కరించి రాసేది. నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. నువ్వూ, నీ రెండు పిల్లులూ, ఆష్‌ల్యాండ్ వానలకు కారే నీ నాటకశాల పైకప్పూ కూడా కులాసాగా ఉన్నాయని తలుస్తాను. ఆరేళ్ల తర్వాత కవరు మీద నీ చేతిరాత చూసి గుమ్మంలోనే కూలబడ్డాను. పోస్టు తెచ్చిన అమ్మాయి హడలిపోయి, "ఏమైంది పెద్దాయనా, గుండెలో నొప్పా?" అంది. "నొప్పి కాదమ్మా, పాత స్నేహితురాలు" అన్నాను. "రెండూ ఒకటేగా" అనేసి వెళ్లిపోయింది.

నీ ఉత్తరం మొత్తం ఐదు వాక్యాలు. బస్సు నాటకం ఏప్రిల్‌లో మళ్లీ వేస్తున్నావు. ఆ తర్వాత నాటకశాలకు తాళం వేసేస్తున్నావు. డ్రైవరు వేషం నాకోసమే రాసినది కాబట్టి మరోసారి అడుగుతున్నావు. వస్తానో రానో పదిహేనో తారీఖులోగా చెప్పాలి. కారణాలు మాత్రం రాయకూడదు, పోయినసారి విన్నవి చాలు. ఇన్నాళ్లయినా నీ నోటి దురుసు కాస్త కూడా తగ్గలేదని తెలిసి ఎంత సంతోషించానో చెప్పలేను. కారణాలు రాయొద్దన్నావు గనక కారణాలే రాస్తున్నాను. కోపమొస్తే చివరి పేజీకి వెళ్లిపో.

నన్ను నువ్వు ఎరిగింది 1969 నుంచి. వెంచురా రోడ్డు మీద ఆ హోటల్లో ఇద్దరం పళ్లేలు మోసేవాళ్లం. నాటకం పుస్తకం రెండుసార్లు చదివితే మూడోసారి అవసరం ఉండేది కాదు నాకు. నువ్వు కేకు ముక్కలు కోస్తూ ఒక మాట అందిస్తే నేను కాఫీ పోస్తూ అంకమంతా అప్పజెప్పేవాణ్ణి. వంటాయన మనిద్దరినీ చూసి, "గ్రామఫోనుగారూ, నాలుగో బల్ల వాళ్లు గుడ్లు అడిగి అరగంటైంది. వాళ్లకి కూడా నాటకమే వడ్డిస్తారా?" అని అరిచేవాడు. నాకున్న ఆస్తి అదొక్కటే. మొహం అంతంత మాత్రం, గొంతు పర్వాలేదు, జ్ఞాపకశక్తి మాత్రం అమోఘం.

దాన్ని పెట్టుబడిగా పెట్టుకుని నలభై ఏళ్లు బతికాను. కుక్కబిస్కెట్ల ప్రకటనతో మొదలుపెట్టాను. కౌబాయ్ సినిమాల్లో పదకొండుసార్లు గుర్రం మీంచి పడి చచ్చాను. మధ్యాహ్నం సీరియల్లో నాలుగేళ్లు డాక్టరుగా చేసి, జీతం పెంచమని అడిగిన వారమే లిఫ్టు గుంతలో పడి చనిపోయాను. పెద్ద సినిమాలు రెండు. రెండోదాంట్లో నా సీనంతా కోసేసి మోచేయి మాత్రం ఉంచారు. "నీ మోచేయి బ్రహ్మాండంగా నటించింది, మిగతా శరీరం దాన్ని చూసి నేర్చుకోవాలి" అని నువ్వు కార్డు రాశావు. అది ఇప్పటికీ నా దగ్గరుంది. వేషం ఎంత చిన్నదైనా, డైలాగు మర్చిపోయి షూటింగు ఆపినవాడని నన్నెవరూ అనలేదు. ఎవరైనా రాలేకపోతే ఎమ్మెట్ వాస్కోని పిలవండి, పొద్దున కాగితాలిస్తే మధ్యాహ్నానికి సిద్ధంగా ఉంటాడు అనేవాళ్లు. నాకు వేషాలు అలా వచ్చాయి.

అరవై రెండో ఏట అది పోయింది. తలలో ఒక చిన్న నరం మూసుకుపోయిందన్నాడు డాక్టరు. చెయ్యీ కాలూ బాగున్నాయి, ఊళ్ల పేర్లూ మనుషుల పేర్లూ అన్నీ ఉన్నాయి. కుక్కబిస్కెట్ల ప్రకటన ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా చెప్పగలను. కొత్తగా బట్టీ పట్టింది మాత్రం నిలవదు. సాయంత్రం నేర్చుకున్న పేజీ పొద్దున లేచేసరికి తుడిచేసినట్టు ఉంటుంది. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఈ సినిమావాళ్ల ఊళ్లో అలాంటి మాట పొద్దున బయటికొస్తే సాయంత్రానికి ఫోను మూగబోతుందని నీకు వేరే చెప్పాలా?

నీ బస్సు నాటకం అప్పుడే వచ్చింది. రిహార్సల్స్‌లో మొదటి రెండు వారాలు చేతిలో కాగితాలున్నాయి గనక నెట్టుకొచ్చాను. మూడో వారం సోమవారం నుంచి ఎవరి చేతిలోనూ కాగితం ఉండకూడదన్నావు. అది నీ ఒక్కదాని నియమం కాదు, ప్రపంచమంతా అదే నియమం. ఆ పొద్దున మీ ఊరి మోటెల్ గదిలో మంచం మీద కూర్చుని మొదటి వాక్యం కోసం గంటసేపు వెతుక్కున్నాను. తర్వాత నీకు ఫోన్ చేసి, టీవీవాళ్లు పిలిచారు, వెళ్లక తప్పదు అన్నాను. "వెళ్లు నాయనా వెళ్లు, వాళ్లు నీ పేరు రాసిన కుర్చీ వేస్తారు, మా దగ్గర ఉన్నవన్నీ కుంటి స్టూళ్లేగా" అన్నావు. టీవీవాళ్లెవరూ పిలవలేదు థియా. మొదటి ఆటకు పదకొండు రోజుల ముందు నిన్ను నడిరోడ్డు మీద వదిలేసి ఇంటికొచ్చి పదకొండు రోజులూ తలుపేసుకుని కూర్చున్నాను. ఇది నేను ఎవరికైనా చెప్పడం ఇదే మొదటిసారి. రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

ఆ ఏడాది ఆకురాలే కాలంలో ఒక టీవీ సీరియల్లో జడ్జి వేషం దొరికింది. నువ్వు ఆ సీరియల్ చూడవని తెలుసు, చూసినా ఒప్పుకోవు. అందులో ఉన్న సుఖమేమిటో విను. జడ్జి నిలబడడు, నడవడు. ఎత్తయిన బల్ల వెనక కూర్చుంటాడు. ఎదురుగా తెరిచిన ఫైలు ఉంటుంది. సహజంగా ఉండాలి, ఫైల్లో తెల్లకాగితాలు పెడితే నాకు మూడ్ రాదు అని సెట్టు సామాన్లు చూసేవాణ్ణి దబాయించాను. ఏ రోజు డైలాగుల కాగితాలు ఆ రోజు ఫైల్లో పెట్టించుకున్నాను. తల వంచి చదవడం, కళ్లజోడు మీంచి ఒకసారి చూడటం, మళ్లీ తల వంచడం. దాన్ని చూసి పత్రికలవాళ్లు, ఎంత నిగ్రహమైన నటన అని రాశారు. ఆరేళ్లు ఆ ఫైలు పుణ్యమా అని అన్నం తిన్నాను. రోజూ పొద్దున సెట్టులోకి వెళ్లగానే ముందు బల్ల వంక చూసుకునేవాణ్ణి, ఫైలు ఉందా లేదా అని.

పోయిన నెల పసుపు కాగితాలు వచ్చాయి. కథ మార్చిన ప్రతిసారీ మావాళ్లు ఇంకో రంగులో అచ్చేస్తారు. నీలం వస్తే చిన్న మార్పు, గులాబీ వస్తే ఫర్వాలేదు. పసుపు దాకా వచ్చిందంటే ఎవరి కొంపకో ఎసరే. ఈసారి నా కొంపకే వచ్చింది. జడ్జిగారు నల్లగౌను విప్పేసి కోర్టు బయట వరండాలో నిలబడి, చనిపోయిన కొడుకు గురించి కుర్ర లాయరుకు చెబుతాడు. రెండు పేజీలు, గుక్కతిప్పుకోకుండా. బల్ల లేదు, ఫైలు లేదు, కళ్లజోడు కూడా జేబులోనే ఉండాలట. రాసిన కుర్రాడు నా భుజం తట్టి, "మీకు ఇన్నాళ్లూ అన్యాయం చేశాం జడ్జిగారూ, కూర్చోబెట్టి కట్టేశాం. ఈ సీను మీకు మా బహుమతి" అన్నాడు. వాడి మొహం చూస్తే నిజంగానే ప్రేమతో చేశాడు. చాలా సంతోషం అని చెప్పి, కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాను.

నాలుగు రోజులు చదివాను. ఫ్రిజ్ మీద అంటించాను, స్నానాల గది అద్దానికి అంటించాను. పార్కుకు వెళ్లి చెట్ల మధ్య తిరుగుతూ గట్టిగా చెప్పుకున్నాను. ఒకావిడ తన కుక్కను దగ్గరికి లాక్కుంది. డాక్టరు మాత్రం ధైర్యం చెప్పాడు. సాధన చేస్తే మెదడు కొత్త దారులు వెతుక్కుంటుంది, భయమే మీకు పెద్ద జబ్బు అన్నాడు.

చెబితే నమ్మవు, ఆయన అన్నట్టే జరిగింది. గురువారం వరండాలో నిలబడ్డాను, దీపాలు వేశారు, నోరు తెరిచాను, రెండు పేజీలూ ధారగా వచ్చేశాయి. ఒక్క టేకులో అయిపోయింది. సెట్టంతా చప్పట్లు కొట్టింది. వెనకటి గ్రామఫోను మళ్లీ పాడింది థియా! ఏడేళ్లుగా గుండె మీద కూర్చున్న బండరాయి దిగిపోయింది. ఆ రోజు ఇంటికొచ్చి మధ్యాహ్నం నాలుగింటికి పడుకున్నవాణ్ణి మర్నాడు పొద్దున ఏడింటిదాకా లేవలేదు. లేచాక ఆరు గుడ్లు వేయించుకు తిన్నాను.

కాబట్టి నా జవాబు, వస్తాను. మార్చి మొదటి వారంలో బయల్దేరతాను. మీ కుంటి స్టూళ్లలో కాస్త తక్కువ కుంటిది నాకోసం ఒకటి ఉంచు. నీ నాటకం నాకు ఎప్పుడూ చిన్నదిగా కనిపించలేదు. నాకోసం ఎవరైనా రాసిన వేషం అదొక్కటే.

పిల్లులకు నా ఆశీస్సులు. నీ పైకప్పు ఏప్రిల్ దాకా నిలవాలని కోరుకుంటూ,

నీ పాత కాఫీల స్నేహితుడు,
ఎమ్మెట్ వాస్కో

తా.క.: కవరు అంటించి, మళ్లీ చింపాను. ఒక్క టేకులో అయిందని రాసింది అబద్ధం.

మొదటిసారి నాలుగు వాక్యాలు వచ్చాయి. రెండోసారి రెండు. ఆరోసారి నోరు తెరిస్తే కుక్కబిస్కెట్ల ప్రకటన పెదాల దాకా వచ్చింది. దర్శకుడు మర్యాదస్థుడు, "ఫర్వాలేదు జడ్జిగారూ, ఇంకొక్కటి చేద్దాం" అంటూనే ఉన్నాడు. ఏడోసారి నేను మెట్టు మీద కూర్చుండిపోయి, "నాకు గుర్తుండదు. ఇవాళని కాదు, ఏడేళ్లుగా గుర్తుండదు. ఇన్నాళ్లూ ఫైల్లో చూసి చదివాను" అన్నాను. అరవైమంది ఉన్నారక్కడ.

ముందుగా మాట్లాడింది కుర్ర లాయరు వేషం వేసే అమ్మాయి కెండ్రా. నా పక్కన మెట్టు మీద చతికిలబడి, "ఇదా సంగతి! నేను డైలాగు చెబుతుంటే మీరు తల ఎత్తరేమా అని రెండేళ్లుగా ఏడ్చి చస్తున్నా. ఈ పిల్ల మొహం చూడ్డం కూడా దండగ అనుకుంటున్నారనుకున్నా" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. నాకు చప్పున నువ్వు గుర్తొచ్చావు. రెండేళ్లకే ఆ పిల్ల అంత అయిపోతే, ఆరేళ్లు నువ్వేమనుకుని ఉంటావు?

ఇంతలో కెమెరా నడిపే గస్, "దీనికింత రాద్ధాంతమా? అట్టలు తెండ్రా, పెద్దక్షరాలు రాయండి. నేను తీసినవాళ్లలో సగంమంది నా చెవి పక్క చూసి చదివినవాళ్లే" అన్నాడు. అట్టల మీద రాశారు, లెన్సు పక్కన పట్టుకున్నారు, చదివాను. చప్పట్లు ఎవరూ కొట్టలేదు, అందరూ భోజనాలకు వెళ్లిపోయారు. నన్ను ఎవరూ తీసేయలేదు. నాలుగింటికి పడుకుని ఏడింటికి లేచింది నిజం, ఆరు గుడ్లూ నిజమే. ఆ నిద్ర డైలాగు వచ్చినందుకు కాదు, రాదని చెప్పేసినందుకు.

జ్ఞాపకశక్తి తిరిగి రాలేదని నీకు మాత్రం చెప్పలేకపోయాను. నీ దగ్గర ఇంకా గ్రామఫోనుగానే ఉండాలనిపించింది. ఈ ఉత్తరం సంతకం వరకే పంపి ఉంటే, ఏప్రిల్‌లో మళ్లీ ఏదో ఒక పొద్దున మోటెల్ నుంచి నీకు ఫోన్ చేసేవాణ్ణి.

అందుకని పైన రాసిన 'వస్తాను' కొట్టేసి ఇది చదువు. వస్తాను, కాగితాలు చేతిలో పట్టుకుని, మొదటి రోజు నుంచి చివరి ఆట దాకా, జనం ముందు కూడా. కుదరదంటే కుదరదని రాయి. అలిగి కూర్చోను. వచ్చి ముందు వరసలో కూర్చుని, ఆ వేషం ఎవరు వేస్తే వాళ్లను చూస్తాను.

పైన ఉన్న ఉత్తరమంతా మూడు చిత్తుప్రతులు పక్కన పెట్టుకుని, చూసి రాసింది. ఈ తా.క. ఒక్కటే ఏదీ చూడకుండా రాశాను.