అందరూ బయటికి పోయాకే

దీప చెల్లెకు,

ఫోన్‌లో చెప్పే ధైర్యం లేక మీ తమ్ముని చేతికి ఈ ఉత్తరమిచ్చి పంపుతున్నాను. నిన్న గోదావరిఖని పాటల సభలో జనం తోసుకోవడంతో, నాతో సెక్యూరిటీ డ్యూటీ చేస్తున్న మీ నాయన రాయమల్లు కాక కాపలా మంచె మీది నుంచి పడ్డాడు. కాలు విరిగినా, పడ్డచోటు నుంచే విజిల్ ఊదుతూ జనాన్ని గేటు దాటించాడు. నేను లేపబోతే, "బొగ్గుబాయిల కార్మికులను పైకి పంపి ఆఖరుకు ఎక్కే సర్దారుగ జేసినోన్ని, అందరు పోయినంకనే నేనొస్త. నువ్వు ముందుగాల పిల్లలను సూడు" అన్నాడు. అటువంటి మనిషిని నేనింతవరకు చూడలేదు.

దవాఖానలో కట్టు కట్టారు, ప్రాణానికి ఫికర్ లేదు. కానీ మగత వదిలినప్పుడల్లా "అందరు ఎల్లిండ్రా?" అని అడుగుతున్నాడు. వెళ్ళారని చెబితే, "మరి నువ్వింక ఈడనే ఉన్నవేంది?" అంటాడు.

జల్ది రా చెల్లె. నేను ఇంటికి పోతేగాని ఆయన నిద్రపోడు.

మీ నాయన పక్కనే కూర్చున్న,
మీ అన్న