ఆళ్లగడ్డ పేరు లేని కాగితం

నంద్యాల,
12 జనవరి 1955.

దస్తగిరికి,

నీ ఉత్తరం కరాచీ నుంచి పద్దెనిమిది రోజులకు అందింది. కవరు ఎవరో విప్పి మళ్లీ అంటించినట్టుంది. మీ అమ్మ మోకాళ్ల నొప్పుల సంగతి ఇప్పుడు రెండు ప్రభుత్వాలకూ తెలుసు.

నువ్వడిగిన కాగితం దీనితో పంపుతున్నాను. నువ్వు మా ఇంట్లో పదిహేను రోజులు ఉంటావని, తిండికీ బసకూ నీ నడవడికకూ నాదే పూచీ అని అందులో ఉంది. కాలేజీలో చదివిన ఇంగ్లీషు ఇందుకు చాలలేదు. తాలూకా కచేరీ ముందు అర్జీలు రాసే నరసింహులు చేత రాయించాను. వచ్చే మనిషి మీకేమవుతాడు అని అడిగాడు. బావమరది అన్నాను. పేరు విని కలం ఆపాడు.

"రక్తసంబంధమా సార్?"

"కాదు. మా ఇంటామెకు అన్న వరస. పక్కపక్క ఇండ్లు."

"అట్లంటే స్నేహితుడని రాస్తాం సార్. బావమరది అంటే కర్నూల్లో నవ్వుతారు."

స్నేహితుడు అనే ఉంది. తప్పేమీ కాదు. బళ్లో ఒకే బల్ల మీద కూర్చున్నాం. మా వీధిలో ఒక పిల్ల ఉంది, చూడరా అని నన్ను ఆళ్లగడ్డకు తీసుకుపోయింది నువ్వే. ఆ రోజు నుంచి బావా అనడం మొదలుపెట్టావు. కమలాక్షి పోయి మూడేళ్లు కావస్తున్నా ఉత్తరంలో ఇంకా బావా అనే రాస్తున్నావు. ఆ మాట దగ్గర కాసేపు ఆగి చదువుతాను.

నువ్వు పోగలిగే ఊళ్ల పేర్లు రాసేచోట నంద్యాల ఒక్కటే రాయించాను. ఒక ఊరైతే అనుమతి తొందరగా వస్తుందని నరసింహులు అన్నాడు. మీ అమ్మను ఆళ్లగడ్డ నుంచి నేనిక్కడికి బస్సులో పిలిపిస్తాను. దిగులు పడవద్దు. పోయిన ఎనిమిదేళ్లలో ఇల్లు పెద్దగా మారలేదు. ముందు గది నీకు.

శేషయ్య


నంద్యాల,
20 ఫిబ్రవరి 1955.

దస్తగిరీ,

వీసా వచ్చిందన్నావు. అందులో నంద్యాల ఒక్కటే ఉందని, ఆళ్లగడ్డలో అడుగు పెట్టే వీలు లేదని రాశావు. 'ఆ నరసింహులెవరో సులువు చూసుకున్నాడు బావా, పోనీలే పాపం' అన్నావు. ఆ పాపం అన్న మాట నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు.

ఇంతలో మీ అక్క కార్డు వచ్చింది. నీకూ రాసే ఉంటుంది. మీ అమ్మ గడప దగ్గర జారిపడి తుంటి ఎముక విరిగింది. ఇక్కడి డాక్టరును తీసుకుపోయి చూపించారట. మంచం మీద నుంచి కదిలించవద్దన్నాడట. ఇక ఆమెను నంద్యాలకు తీసుకురావడం కుదరదు. నువ్వు ఓడ ఎక్కి, రైళ్లు మారి మా ఇంటికి వస్తావు. ఆమె ఇరవై అయిదు మైళ్ల దూరంలో పడుకుని ఉంటుంది. మీరిద్దరూ ఒకరినొకరు చూసుకోలేరు. దీనికి కారణం నేను.

నరసింహులు ఊరికే ఉండలేదు. తానే అడిగాడు. "ఆళ్లగడ్డ గూడా రాద్దామా సార్? ఆయప్ప తల్లి ఆడే ఉంది కదా" అన్నాడు. రాస్తే ఏమవుతుందని అడిగాను.

"ఏముంది సార్. పూచీ పెట్టినోళ్లు మీరు. ఆయప్ప యాడికి పోతే ఆడికి మీరూ పోవాల. ఆడ పోలీసు స్టేషన్లో పక్కన నిలబడాల. బస్సెక్కితే రెండు గంటలు, అంతేగా."

ఒక్క ఊరు చాలు అన్నాను. తొందరగా వస్తుందన్న మాట నాది. అతని నోట పెట్టి నీకు రాశాను.

ఎందుకో నీకు చెప్పాలి. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. కమలాక్షి పుట్టింటికి పోయినప్పుడు ఏప్రిల్ నెల. నా దగ్గర పరీక్ష కాగితాల కట్టలు ఉన్నాయి. బుధవారం నాడు వాళ్లన్న మనిషిని పంపాడు. జ్వరం, వీలైతే రమ్మన్నాడు. శనివారం వస్తానని చెప్పి పంపాను. ఆ మనిషికి మజ్జిగ ఇచ్చి, మళ్లీ కూర్చుని కాగితాలు దిద్దాను. శుక్రవారం పొద్దున పోయింది. నేను పోయేసరికి వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. దినాలు అయ్యేంతవరకు ఉన్నాను. ఆ తర్వాత ఆళ్లగడ్డ మట్టి తొక్కలేదు. చాగలమర్రిలో పెళ్లికి పిలిస్తే, దారిలో ఆ ఊరు వస్తుందని, కాళ్ల నొప్పులని చెప్పి తప్పించుకున్నాను. బుధవారం నుంచి శుక్రవారం దాకా ఆమె తలుపు వైపు చూస్తూ ఉండి ఉంటుంది. ఎన్నిసార్లు చూసిందో అనే లెక్కలో మూడేళ్లు గడిపాను.

ఆ ఊరి పేరు కాగితం మీద రాస్తే నేను పోవలసి వస్తుంది. అందుకు నీ తల్లిని నీకు దూరం చేశాను. క్షమించమని అడగను. నీకు తెలియాలి కనుక రాస్తున్నాను.

మీ అమ్మ తరఫున పిలుపు కాగితం ఒకటి, ఆమె వేలిముద్రతో, గ్రామ మునసబు ధ్రువీకరణతో వస్తే రెండో ఊరు చేరుస్తామని అక్కడి ఆఫీసులో చెప్పారన్నావు. నన్ను పోయి పక్కన ఉండి వేయించమన్నావు. నాకు సాధ్యం కాదు. మా చేను చూసుకునే కొండయ్యను రేపు పంపుతున్నాను. నమ్మకస్తుడు.

శేషయ్య


నంద్యాల,
6 మార్చి 1955.

ప్రియమైన దస్తగిరీ,

కొండయ్య కాగితాన్ని ఎలా తీసుకుపోయాడో అలాగే వెనక్కి తెచ్చాడు.

"ఏమైంది?" అన్నాను.

"ఆ ముసలామె వేలు ముట్టుకోనియ్యల్యా సామీ. 'ఈ కాయితం రాసినోడు యాడుండాడు?' అనె. నంద్యాల్లో ఉండాడంటి. 'కాలిరిగిండేది నాకా, వానికా?' అనె. నేనేం జెప్పేది?"

శనివారం పొద్దున బయల్దేరాను. వేరే రోజు దొరకక కాదు. ఆ రోజే పోవాలనిపించింది. సిరివెళ్లలో బస్సు ఆగినప్పుడు దిగాను. తిరుగు బస్సు ఎదురుగానే నిలబడి ఉంది. దాన్ని చూస్తూ నిలబడ్డాను. కండక్టరు సామ్యేలు నా దగ్గర చదువుకున్నవాడు. లెక్కల్లో ఎప్పుడూ సున్నాలే. "పోతాండాం సార్, ఎక్కుతారా లేదా? మీరు నన్ను బెంచీ ఎక్కించినంత సేపు నేను బస్సు నిలపలేను" అన్నాడు. బస్సులో అందరూ నవ్వారు. ఎక్కాను.

మీ వీధి అలాగే ఉంది. మీ ఇంట్లో దూది ఏకే చప్పుడు మాత్రం లేదు. మీ అక్క తలుపు తీసి పక్కకు తొలగింది. మీ అమ్మ మొహం గోడ వైపు తిప్పుకుని పడుకుని ఉంది. చూపు బాగా తగ్గింది.

"ఎవురూ?"

"నేను. శేషయ్యని."

"ఏ శేషయ్యప్పా? నాకొక శేషయ్య ఉండె. కమలాక్షి మొగుడు. ఆయప్పకు ఈ ఊరి దావ మరుపొచ్చిందంట."

చెయ్యి చాపింది. పోయి మంచం పక్కన కూర్చున్నాను. నా మణికట్టు పట్టుకుని చూసి, "కట్టె మాదిరి అయినావే అల్లుడా. వండేదెవురు?" అంది.

"నేనే."

"అట్లనే ఉండాది."

కాగితం సంగతి చెప్పాను. ఆమెకు అదంతా పిచ్చిగా తోచింది. "నా కొడుకు నా ఇంటికొచ్చేదానికి ఎవురి సెలవప్పా?" అంది. సర్కారు సెలవు అన్నాను. "పొయ్యేటప్పుడు వాడు సెలవడిగింది నన్నొక్కదాన్నే. నేను ఇయ్యల్యా. అయినా పాయ. ఇప్పుడు వచ్చేదానికి ఊర్లో వాళ్లందరి సెలవు గావాల్నా?" అంది.

మునసబు లక్ష్మీనారాయణ వచ్చాడు. ప్రశ్నలు ఒక్కొక్కటే చదివాడు. వచ్చే మనిషిని ఎన్నాళ్లుగా ఎరుగుదువు అని ఉంది. "వాడు బయట పడకముందు తొమ్మిది నెల్ల నుంచి ఎరుగుదు. రాసుకో" అంది. ఆయన నవ్వు ఆపుకుని 'పుట్టినప్పటి నుంచి' అని రాశాడు. వేలిముద్ర దగ్గర చిక్కు వచ్చింది. అరవై ఏళ్లు దూది ముట్టిన వేలు. గీతలన్నీ అరిగిపోయి, ఎన్నిసార్లు ఒత్తినా సిరా మచ్చే పడింది. రెండు కాగితాలు పాడయ్యాయి. నా దగ్గర ఇంకొకటే మిగిలింది. మీ అక్క వేన్నీళ్లు తెచ్చి రెండో చేతి వేలు కడిగి తుడిచింది. నేను ఆ వేలు పట్టుకుని మెల్లగా ఒత్తాను. అంచుల్లో నాలుగు గీతలు పడ్డాయి. చాలునన్నాడు మునసబు.

ఆయన పోయాక లేచాను. మీ అమ్మ నా చెయ్యి వదల్లేదు.

"కూసో. నువ్వు అడగవు. నేను చెప్పకుండా పోతే పైన ఆ పిల్ల నన్ను తిడతాది. మూడేండ్ల నుంచి చూస్తాండా నీ కోసరం."

అప్పుడు నేను ఒక్కటే అడగగలిగాను. "చివర్లో ఏమన్నా తినిందా?"

"తినింది. చింతచిగురు పప్పు అడిగింది. నేనే వండుకొని పోతి. రెండు ముద్దలు తినింది. బుధవారం వాళ్లన్న నీకు మనిషిని పంపినాడు గదా. ఆ మనిషి పోతానే నాతో పందెం ఏసింది. 'ఆయన ఇప్పుడు రాడు పెద్దమ్మా. కాయితాలు అయిపోతే గాని లెయ్యడు. శనివారం వస్తానని చెప్పి పంపుతాడు, చూడు' అనె. లేదు, పెండ్లాము జొరమంటే పరిగెత్తి వస్తాడు అని నేనంటి. సాయంత్రం ఆ మనిషి వచ్చి శనివారమంట అనంగానే ఎట్ల నవ్వినాది అనుకున్నావు! 'చూస్తివా పెద్దమ్మా, గెలిచినా. ఆయప్ప నాకు తెలీదా' అనె. గురువారం గూడా నన్ను చూస్తే అదే నవ్వు. పోతాదని మేమెవరమూ అనుకోలేదప్పా. ఆ పిల్లా అనుకోలేదు."

ఇది జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. దీనికి నేను చేర్చేది ఏమీ లేదు. మీ అక్క అన్నం పెట్టింది. తిన్నాను. పక్కింటికి కూడా పోయాను. కమలాక్షి అన్న మంచినీళ్ల చెంబు తెచ్చి చేతికిచ్చాడు. ఆమె చివరి రోజుల్లో పడుకున్న గది తలుపు నుంచి చూశాను. దస్తగిరీ, ఆ మంచం దగ్గర నుంచి వీధి తలుపు కనిపించదు. అడ్డంగా గోడ ఉంది. ఆ ఇంట్లో ఎన్నోసార్లు ఉన్నాను. నాకు ఎప్పుడూ తోచలేదు.

మీ అమ్మ కాగితం దీనితో ఉంది. నా పాత కాగితం మార్చి కొత్తగా రాయించి సంతకం పెట్టాను. ఊళ్లు: నంద్యాల, ఆళ్లగడ్డ. నంద్యాల దాటి పోతే తోడుండే మనిషి పేరు అన్నచోట నా పేరే ఉంది. నరసింహులు ఈసారి ఏమీ అడగలేదు. కలం నా చేతికిచ్చాడు. వచ్చే మనిషి ఏమవుతాడన్న చోట నేనే బావమరది అని రాశాను. కర్నూల్లో నవ్వితే నవ్వనీ.

శేషయ్య


నంద్యాల,
9 ఏప్రిల్ 1955.

దస్తగిరీ,

నీ తంతి నిన్న అందింది. రెండూళ్లూ ఇచ్చారన్నావు. తంతి తెచ్చిన మనిషి నా మొహం చూసి, మంచి కబురేనా సార్ అని అడిగాడు. ఆ మనిషి మా ఇంటికి మంచి కబురు తేవడం ఇదే మొదలు.

ఓడ ఎక్కేలోపు ఇది నీకు అందాలి. బొంబాయి నుంచి గుంతకల్లు దాకా రైలు, అక్కడ బండి మారాలి. ఆ దారి మీద రైలు ఉద్యోగం చేసినవాడివి, నీకు నేను చెప్పేదేముంది. స్టేషన్లో ఉంటాను. దిగిన రోజే ఇక్కడి పోలీసు స్టేషనుకు పోయి పేరు రాయించాలి. మరుసటి పొద్దున మొదటి బస్సు. ముందు వరసలో రెండు సీట్లు ఎవరినీ కూర్చోనివ్వనని సామ్యేలు మాట ఇచ్చాడు. దిగగానే ఆళ్లగడ్డ స్టేషన్లో కూడా సంతకం పెట్టాలి. పక్కన నేను నిలబడతాను. ఆ తర్వాతే మీ ఇల్లు. మీ అమ్మ ఆలస్యానికి తిడుతుంది. నిన్ను కాదు, నన్ను.

నేను ఇప్పుడు ప్రతి శనివారం పోతున్నాను. ఆమె దిండుకు ఆనుకుని కూర్చోగలుగుతోంది. ఈ ఏడు పరీక్ష కాగితాల కట్ట కూడా అక్కడికే తీసుకుపోయి మంచం పక్కన కూర్చుని దిద్దుతున్నాను. సున్నా వచ్చినవాడి పేరు చదివి వినిపించమంటుంది. పాపం, ఇంకో రెండు మార్కులు వెయ్యమంటుంది. వేస్తున్నాను. చింతచిగురు వచ్చింది. నువ్వొచ్చేలోగా ముదిరిపోతుందని మీ అక్క ఎండబెట్టి దాస్తోంది.

మీ అమ్మ నీకొక మాట రాయమంది. ఆమె చెప్పినట్టే రాస్తున్నాను.

"ఈసారి గూడా పొయ్యేటప్పుడు నన్ను సెలవడగమను. ఇస్తానో ఇయ్యనో అప్పుడు చూస్తా. ముందు రమ్మను."

నీ బావ,
శేషయ్య